కాల్చింది నేనే

మా చిత్తూరు జిల్లాలో కరెంటంత మంచి మనిషి ఇంకొకరు లేరు. ఎవరు ఏది పాడుచేసినా తన నెత్తిన వేసుకుంటుంది. మిక్సీ కాలినా, టీవీ పేలినా, మెకానిక్కు చెయ్యి జారి లోపల ఏ తీగో తెగినా, “కరెంటు ఎక్కువొచ్చినట్టుండాది” అంటే చాలు. అందరూ తలలూపి ఇళ్లకు పోతారు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. మద్దెలైనా కొడితే మోగుతుంది. పాపం, కరెంటు తిరిగి ఒక్క మాట అనలేదు.

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండటం నా స్నేహితురాలు యమున వల్ల అలవాటైంది. కుప్పంలో బస్టాండు వెనక సందులో ఆమెకు కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉంది. లోపలికి పోగానే ఎదురుగా వెంకటేశ్వరస్వామి పటం, దాని పక్కన మేకుకు వేలాడుతూ ఒక మదర్‌బోర్డు కనిపిస్తాయి. మదర్‌బోర్డు అంటే కంప్యూటరు పెట్టెలో మిగతావన్నీ తగిలించే పెద్ద పలక. దాని మీద ఒక మూల నల్లగా మాడిన మచ్చ. ఆ బోర్డు పక్కనే గోడకు ఇంకో మేకు ఉంది, ఖాళీగా. అదెందుకని ఒకసారి అడిగాను. “అదీ పనికొస్తాది లే” అని ఊరుకుంది.

యమున నాయన రెడ్డెప్పది పుంగనూరు పక్కన మెట్ట పల్లె. బావి ఎండితే బోరు వేశాడు. ఆ బోరు ఎండితే ఇంకో బోరు వేశాడు. అదీ ఎండిపోయాక సేద్యానికి దండం పెట్టి, పుంగనూరులో కాలిన మోటార్లకు రాగి తీగ చుట్టే వైండింగు షాపు పెట్టుకున్నాడు. తన చేను ఎండబెట్టిన మోటార్లే ఆయనకు కూడు పెట్టాయి. యమున ఆ షాపులోనే, రాగి తీగల మధ్య, వార్నిష్ వాసనలో పెరిగింది.

ఆ షాపుకు రోజుకొక రైతైనా పరుగెత్తుకొని వచ్చేవాడు. “అన్నా, మోటరు తిరగతాండాది, నీళ్లు మాత్రం పైకి రాలేదు” అనేవాడు. రెడ్డెప్ప కూర్చున్న చోటి నుంచి లేచేవాడు కాదు.

“ఎదురు తిరగతాండాదప్పా. స్టార్టరు కాడ రెండు వైర్లు అటుది ఇటు, ఇటుది అటు మార్చుకోపో” అనేవాడు. రైతు పోయి మార్చుకునేవాడు, నీళ్లు పడేవి. చూసే పిల్లకు అది మంత్రం లాగే ఉంటుంది కదా. యమున ఆ మంత్రాన్ని బుద్ధి తెలిసినప్పటి నుంచి వింటూ పెరిగింది.

రెడ్డెప్పకు ఇంకో పట్టింపు కూడా ఉండేది. కాలిన కాయిల్‌ను నిదానంగా చూడకుండా కొత్తది చుట్టడు. “యాడ కాలిందో, యాల కాలిందో తెలిసినాకనే పారెయ్యాల. లేదంటే కొత్తది గూడా ఆడనే కాలతాది” అనేవాడు. ఈ రెండో మాట అప్పట్లో యమునకు అంతగా ఎక్కలేదు. మొదటిది మాత్రం బాగా ఎక్కింది. దాని ఫలితమే గోడ మీది బోర్డు.

తొంభై ఏడులో మేమిద్దరం మదనపల్లెలో హరినాథ్ సార్ టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాం. టైపు మిషన్ల కాలం అయిపోతోందని ఆయనకు ముందే వాసన తగిలింది. రెండు కంప్యూటర్లు తెచ్చి పెట్టాడు. నేను వాటితో టైపు కొట్టడం నేర్చుకొని ఊరుకున్నాను. యమునకు అది చాల్లేదు. పెట్టె లోపల ఏముందో ఆమెకు కావాలి. బెంగుళూరు నుంచి మనిషి వచ్చి పెట్టె విప్పి దుమ్ము దులిపే రోజున, తిండి కూడా తినకుండా వాడి భుజం మీదుగా తొంగి చూస్తూ నిలబడేది.

మూడో కంప్యూటరును సార్ విడి భాగాలుగా తెప్పించాడు. ఆయనది వ్యాపారుల ఇల్లు. ఏ వస్తువు కొన్నా ముందు దాని మీద శ్రీకారం చుట్టాల్సిందే. బోర్డు అంచున చిన్న కాగితం అంటించి, ఎర్ర ఇంకుతో ‘శ్రీ’ అని రాసి, కింద ‘3’ అని వేశాడు. శుక్రవారం ముహూర్తం పెట్టి, మార్కెట్లోని స్నేహితులందరినీ పిలిచాడు. బిగించాల్సిన బెంగుళూరు మనిషి మాత్రం రాలేదు.

ముహూర్తం దాటిపోతోందని సార్ అటూ ఇటూ తిరుగుతున్నాడు. యమున ముందుకు వచ్చి “నేను బిగిస్తా సార్” అంది. వేరే దారి లేక ఆయన సరే అన్నాడు. ఒక్కొక్కటీ తీసి, చూసినట్టుగానే బిగించింది. టెంకాయ కొట్టారు, హారతి ఇచ్చారు, స్విచ్చి వేసింది.

లోపల ఫ్యాను తిరిగింది. తెర మీద మాత్రం ఏమీ రాలేదు.

అందరూ చూస్తున్నారు. యమున ఒక్క క్షణం ఆలోచించింది, ఆమె ముఖం వెలిగింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి ఆమె గొణిగింది నాకు వినపడింది. “మోటరు తిరగతాండాది, నీళ్లు రాలేదు.” స్విచ్చి ఆపింది. బోర్డుకు కరెంటు తెచ్చే ప్లగ్గులు ఆ కాలం పెట్టెల్లో రెండుండేవి, పక్కపక్కనే, ఒకే సైజులో. అటుది ఇటు, ఇటుది అటు మార్చి పెట్టింది. మళ్లీ స్విచ్చి వేసింది.

టప్‌మని చప్పుడైంది. హారతి కర్పూరం పొగ అనుకున్నారు కొందరు. ఆ వాసన మాత్రం కర్పూరానిది కాదు.

హరినాథ్ సార్ క్షణంలో తేరుకున్నాడు. “ఏం లేదప్పా, కరెంటు ఎక్కువొచ్చింది. మన మదనపల్లె కరెంటు సంగతి మీకు తెలీందా” అన్నాడు నవ్వుతూ. వచ్చినవాళ్లంతా తలలూపారు. ఒకాయన తన ఇంట్లో ఫ్రిజ్జు ఎట్లా కాలిందో మొదలుపెట్టాడు. బూందీ పొట్లాలు చేతులు మారుతున్నాయి. అంతటితో అయిపోవాల్సిన సంగతి అది.

“కరెంటు గాదు సార్” అంది యమున. స్క్రూడ్రైవరు ఇంకా చేతిలోనే ఉంది. “నేను కాల్సినా.”

“ఊరుకో యమునా.”

“రెండు ప్లగ్గులూ మార్సి పెట్టినా. ముందున్నట్టే ఉంచింటే కాలుండదు.”

బూందీ నములుతున్న నోళ్లు ఆగిపోయాయి. ఇప్పుడు తలుచుకున్నా నాకు గర్వంగా ఉంటుంది. అంత మంది పెద్దమనుషుల ముందు, మెడ వంచకుండా, ఎవరూ అడగకుండానే చెప్పింది.

అందరూ పోయాక సార్ ఆమెను పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన లెక్కలో ఆయన ఆమెకు మేలే చేశాడు.

“నీ మర్యాద కాపాడదామని సూస్తే నువ్వే పోగొట్టుకుంటివి గదమ్మా. ఆడపిల్ల కంప్యూటరు కాల్సిందంటే రేపు ఈడికి ఎవురొస్తారు?”

“కరెంటు మీద యేస్తే నేను నేర్సుకునేది ఏముండాది సార్? కరెంటుకు పాఠం చెప్పలేం గదా. ఇంకో బోర్డు తెప్పించండి, నేనే బిగిస్తా.”

“పాడుజేసిన చేతికే మళ్లా ఇచ్చే ఎర్రోడు యాడన్నా ఉంటాడా?” అన్నాడు సార్. “రేపట్నుంచి ముందర టేబుల్ కాడ కూసోని, వచ్చినోళ్ల పేర్లు రాసుకో. పెట్టెలు మాత్రం ముట్టొద్దు.”

ఆ చివరి మాట దగ్గర ఆమె ముఖం మారింది. తిట్టినా పడేది, అందరి ముందూ నవ్వినా పడేది. ఆమెకు ఈ లోకంలో కావాల్సింది ఒక్కటే, ఆ పెట్టె తెరిచి లోపల చెయ్యి పెట్టే హక్కు. సరిగ్గా దాన్నే ఆయన పీకేశాడు.

“సరే సార్, ముట్టను” అంది. “ఈడుంటే గదా ముట్టేది. ఈ బోర్డు ఎట్లాగూ పారేస్తారు గదా, నాకిచ్చేయండి.”

సార్‌కు దాన్ని చూడటానికే మనసొప్పలేదు. ఉన్నదున్నట్టు తీసుకుపొమ్మన్నాడు. యమున దాన్ని వార్తాపత్రికలో చుట్టి, ఒడిలో పెట్టుకొని పుంగనూరు బస్సెక్కింది. దారి పొడుగునా నేనే ఏడ్చాను, ఆమె ఏడవలేదు.

రెడ్డెప్ప బోర్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏం చేసిందో విన్నాడు. విని, ముందు పెదవి బిగబట్టాడు గానీ ఆపుకోలేక నవ్వేశాడు.

“నా మంత్రమే నీ కొంప ముంచిందా పాపా! మోటరుకు మూడు ఫేజులూ అన్నదమ్ముల మాదిరి, యాడ కూసోబెట్టినా కూసుంటాయి. దీంట్లో ఏ వైరు ఏం తెస్తాందో సూసినావా?”

“లేదు నాయనా.”

“కాలినదాన్ని సూడకుండా నేను కొత్తది చుడతానా?”

అప్పుడు ఎక్కింది రెండో మాట. షాపు గడప మీద కూర్చొని, నాయన మీటరు తీసుకొని, మచ్చ పడిన చోటి నుంచి బోర్డు మీది ఒక్కో రాగి గీతనూ పట్టుకొని వెనక్కి నడిచింది. ప్లగ్గులు కూర్చునే చోట మధ్య కాళ్లన్నీ బోర్డును పెట్టెకు బిగించే మరల దగ్గరికి పోతున్నాయి. అంటే అక్కడికి రావాల్సింది ఎర్తు. ఎర్తు తెచ్చే నల్ల వైర్లు, రెండు ప్లగ్గులవీ, మధ్యలో కలవాలి. తను మార్చి పెట్టినప్పుడు అవి చెరో చివరికీ పోయాయి. ఇంత చిన్న సంగతి ఎవరూ చెప్పలేదు, చూడాలని తనకూ తోచలేదు.

ఇంకొకటి కూడా కనపడింది. ర్యాము అని వేలెడు వెడల్పున ఒక పలక ఉంటుంది, బోర్డు మీద గాడిలో నిలబెడతారు. అది ఒక పక్క క్లిప్పులో పడింది, రెండో పక్క పడలేదు. ఒంటికాలి మీద నిలబడి ఉంది. తెర మీద బొమ్మ రాకపోవడానికి అసలు కారణం అదే. వేలితో ఇంకాస్త నొక్కి ఉంటే చాలు. అది చూశాక మాత్రం యమున ఏడ్చింది. దుఃఖంతో కాదు, కోపంతో. అంత సుళువుగా అయ్యే పనిని అంత గొప్పగా చెడగొట్టినందుకు.

ఆ దసరాకు ఆయుధపూజ చూద్దామని నేను పుంగనూరు పోయాను. రెడ్డెప్ప షాపులో పలకమీద కటింగ్ ప్లేర్లు, సుత్తులు, మీటరు, కాయిల్ చుట్టే మిషను వరసగా పెట్టి, పసుపు కుంకుమ పెడుతున్నారు. యమున లోపలి నుంచి కాలిన బోర్డు తెచ్చి వాటి మధ్యలో పెట్టింది. వాళ్లమ్మ ఆదిలక్ష్మి చేతిలోని కుంకుమ భరిణె అట్లాగే ఆగిపోయింది.

“కాలిందాన్ని పూజలో పెడతారంటే యాడన్నా? తియ్యి మే, అశుభం!”

“పని నేర్పేదే గదమ్మా పనిముట్టంటే. దీనికన్నా నాకు ఎక్కువ నేర్పింది ఈడ ఏముండాదో చూపించు, తీసేస్తా.”

ఆదిలక్ష్మి మొగుడి వైపు చూసింది. రెడ్డెప్ప కుంకుమలో వేలు అద్ది, ఆ మచ్చ పక్కనే బొట్టు పెట్టాడు. వీధిలో పోయేవాళ్లు ఆగి “అదేందప్పా రెడ్డెప్పా” అంటే, కూతురికి ర్యాంకొచ్చినంత గట్టిగా “మా పాప కాల్సింది” అని చెప్పాడు.

బొరుగులూ బెల్లం తీసుకోవడానికి వచ్చినవాళ్లలో అంజినప్ప ఒకడు. పుంగనూరులో ఆయనకు చింతపండు మండీ ఉంది. నడుం మీద చేతులు పెట్టుకొని యమున చెప్పిందంతా విన్నాడు, ఎక్కడా నవ్వలేదు.

“నా మండీలో ఒక కంప్యూటరు మూలన పడుండాది” అన్నాడు. “వచ్చినోళ్లంతా కరెంటు కరెంటని తల గీరుకోని పోతాండారు. నువ్వు తెరస్తావా?”

“తెరస్తానన్నా. ఇది తప్ప ఇంకోటి బిగించి ఎరగను. అది గూడా కాలినా కాలొచ్చు.”

అంజినప్ప బొరుగులు నోట్లో వేసుకున్నాడు. “పైన మంచి చింతపండు పరిసి, కింద బూజుది పెట్టి తెచ్చేవోడు నాకు రోజూ తగలతాడు. బూజుది ముందే తీసి చేతిలో పెట్టేవోడు ఎప్పుడో ఒకడు. వాని గంప నేను ఇప్పి సూడను. రామ్మా, వచ్చి తెరువు.”

మండీలో ఆ పెట్టె తెరిస్తే లోపలంతా దుమ్మూ చింత పీచూ. యమున కుంచెతో శుభ్రం చేసింది. నల్ల వైర్లు మధ్యలో ఉన్నాయో లేదో చూసింది. ర్యామును తీసి, తుడిచి, మళ్లీ గాడిలో పెట్టి, రెండు పక్కలా క్లిప్పులు టిక్కుమనేదాకా నొక్కింది. స్విచ్చి వేసి, అంజినప్ప ఏదో అడుగుతున్నా వినకుండా పరుగెత్తుకొని నాయన షాపుకు పోయిందట. గడప బయటి నుంచే అరిచిందట, “నాయనా, నీళ్లొచ్చినాయి!” అని.

అక్కడి నుంచి వెనక్కి తిరిగి చూడలేదంటే అబద్ధమే అవుతుంది. చాలాసార్లు చూడాల్సి వచ్చింది. పెట్టె తెరిచేది ఆడమనిషని తెలిసి గుమ్మంలోంచే తిప్పి పంపినవాళ్లున్నారు. “మీ ఆయన వస్తే చెప్పమ్మా” అన్నవాళ్లున్నారు. ఆమె పెళ్లే చేసుకోలేదు, ఆయనెక్కడి నుంచి వస్తాడు? అందరికీ ఒకటే జవాబు చెప్పేది. “తెరిచేది నేనే. ఇష్టముంటే ఇయ్యండి, లేదంటే ఎత్తుకోని పోండి.”

నా పెళ్లయి నేను కుప్పం వచ్చేశాను. రెండు వేల రెండులో యమున కూడా వచ్చింది. గ్రానైటు ఆఫీసులు, స్కూళ్లు, ఎస్టీడీ బూత్‌ల వాళ్లు అప్పుడే కంప్యూటర్లు కొంటున్నారు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిసిన ఊరు మాది. కరెంటు అన్న మాట మూడు భాషల్లోనూ ఒకటే కావడంతో, అబద్ధం చెప్పడానికి ఎవరికీ ఇబ్బంది లేదు.

యమున షాపులో మాత్రం ఆ మాట చెల్లదు. పాడైంది తెచ్చినవాళ్లు ముందు ఏం చేశారో చెప్పాలి. చెప్పాకే పెట్టె తెరుస్తుంది. గ్రానైటు ఆఫీసు మేనేజరు ఒకాయన ఇంత మీసం పెట్టుకొని వచ్చి, కరెంటని ఒకటే పాట పాడి, చివరికి పెట్టె ఎత్తుకొని తిట్టుకుంటూ పోయాడు. కాల్చింది గోడకు తగిలించుకున్న మెకానిక్కు దగ్గరికి ఎవడు పోతాడని పక్క షాపులవాళ్లు నవ్వేవాళ్లు. ఎందుకే ఇంత పంతం, నిజం తెలిస్తే నీకేమొస్తుంది అని నేనూ అడిగాను.

“యాడ చెయ్యి పెట్టినారో తెలిస్తే సగం పనైపోతాది. మిగిలిన సగం పంతమే అనుకో” అంది.

పక్క షాపులవాళ్ల లెక్క తప్పింది. కొత్తగా నేర్చుకుంటూ చెడగొట్టినవాళ్లంతా వెతుక్కుంటూ ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. గుడుపల్లె నుంచి గోవిందప్ప అని ఒకాయన ప్రాసెసరు అనే చిప్పు కాళ్లు వంచేసి, దాన్ని తువ్వాలులో చుట్టి, జబ్బుపడ్డ కోడిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు. “బలంగా తోసేసినానమ్మా” అని గుమ్మంలోనే ఒప్పుకున్నాడు. యమున కుర్చీ వేసి, టీ తెప్పించి, సూదితో ఒక్కో కాలూ నిదానంగా లేపింది. ఆయన అంత హాయిగా టీ తాగడం ఆ ఊర్లో ఎవరూ చూసి ఉండరు.

రెండు వేల ఆరులో ఒక మధ్యాహ్నం నేను ఆ షాపులోనే ఉన్నాను. బెంచీ మీద ఇంకో ఇద్దరు ముగ్గురు కూర్చొని ఉన్నారు. నెత్తి నెరిసిన ఒకాయన చంకలో కంప్యూటరు క్యాబినెట్టు పెట్టుకొని లోపలికి వచ్చాడు. హరినాథ్ సార్! కుప్పంలో బ్రాంచీ తెరిచాడని విన్నాను గానీ, ఇట్లా ఊడిపడతాడని అనుకోలేదు. ఆయనకూ ఇది ఎవరి షాపో తెలియదు. మర్నాడు పిల్లలకు పరీక్ష అట, ఊర్లో అడిగితే ఈ సందు చూపించారట.

“నువ్వా యమునా!” అన్నాడు.

“రండి సార్, కూసోండి. ఏమైంది?”

“ఏముండాదమ్మా, కరెంటు ఎక్కువొచ్చింది.”

నాకు నవ్వూ వచ్చింది, మంటా పుట్టింది. యమున బల్ల మీద పెట్టిన క్యాబినెట్టును రెండు వేళ్లతో మెల్లగా ఆయన వైపుకు నెట్టింది.

“కరెంటైతే కరెంటాఫీసులో చెప్పండి సార్. ఈడ మనుషులు కాల్సినవే సూస్తాను.”

ఆయన ముఖం ఎర్రబడింది. “నీకు ఈ పని చూపించిందే నేను. నా కాడనేనా నీ పొగరు?”

“మీ కాడ నేర్సుకున్నదే సార్ ఇది.”

ఆయన విసురుగా లేచి క్యాబినెట్టు చంకన పెట్టుకున్నాడు. తిరగబోతూ గోడ వైపు చూశాడు, ఆగిపోయాడు. దగ్గరికి పోయాడు. బోర్డు అంచున కాగితం పసుపుపచ్చగా మారినా, ఎర్ర ఇంకు శ్రీకారం, కింద మూడంకె అట్లాగే ఉన్నాయి. కళ్లజోడు పైకి జరుపుకొని చదువుకున్నాడు.

“ఇది నా బోర్డు” అన్నాడు.

“కాల్సింది నేనే గద సార్” అంది యమున. “నాదే.”

బెంచీ మీది వాళ్లు కూడా మెడలు సాచి బోర్డు వైపు చూశారు. సార్ ఆ మాడిన మచ్చను వేలితో తడిమాడు. తర్వాత వచ్చి, క్యాబినెట్టును బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చున్నాడు.

“ర్యాము తిప్పి పెట్టినా” అన్నాడు నేల చూస్తూ. “గాడిలో పట్టలేదు. పట్టలేదని ఇంకా బలంగా నొక్కినా. పొగొచ్చింది. కరెంటు గాదు, నేనే.”

యమున నవ్వలేదు. ఓదార్చనూ లేదు. లోపలికి పోయి, డబ్బాలోంచి స్క్రూడ్రైవరు తీసి, తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“తెరవండి సార్.”

“నేనా?”

“పాడుజేసిన చెయ్యి అదే గదా. పక్కన నేను కూసుంటా.”

ఆయన స్క్రూడ్రైవరు పట్టుకున్నాడు. మొదటి మర మీద ఆనించి, మళ్లీ వెనక్కి తీసేశాడు.

“నా చేతిలో మళ్లా కాలితే?”

యమున గోడ వైపు వేలు చూపించింది.

“కాలితే కాలనీండి సార్. ఆ రెండో మేకు ఖాళీగానే ఉండాది.”